పదిహేడు రాళ్ళ మీద పైలం

ఆ మలుపులో నేను మొదటిసారి శవాలు మోసింది 2002 మార్చిలో. అప్పటికి ఆ రూటు నాకు కొత్త. నా పేరు వెంకటప్పయ్య. ఆర్టీసీలో ఇరవై తొమ్మిదేళ్ళు స్టీరింగు పట్టాను. మాది ఎర్రుపాలెం దగ్గర పల్లె. మిరప చేలూ పత్తి చేలూ తప్ప అడవి మొహం ఎరగనివాణ్ణి. అలాంటివాణ్ణి తీసుకొచ్చి మణుగూరు అవతల గుట్టల్లో పల్లెవెలుగు బస్సు ఎక్కించారు. ఎందుకన్నది ఇక్కడ అనవసరం. నా నోటి దురుసు అనుకోండి.

కోతులగుట్ట దిగేటప్పుడు రోడ్డు ఒక్కసారిగా కుడికి తిరుగుతుంది. ఎడమ పక్కన లోయ. అంచు పొడుగునా నడుమెత్తు రాళ్ళు వరసగా పాతి ఉంటాయి. బండి పడకుండా ఆపడానికి అవి చాలవు, పడే చోటు ఇదీ అని చూపించడానికి పనికొస్తాయి. ఆ పొద్దున మిరపకోత కూలీలతో పోతున్న జీపు వాటిలో ఒక రాయిని పెళ్ళగించుకుని కిందికి పోయింది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు. నేను బస్సు ఆపి దిగేసరికి కింద నుంచి అరుపులు వస్తున్నాయి, మేం కిందికి చేరేసరికి సగం ఆగిపోయాయి. జీపు టాపు నలిగి లోపలున్నవాళ్ళ మీదికి దిగబడింది. ఒకామె మెడ వెనక్కి తిరిగిపోయింది, చేతిలో సద్దిగిన్నె మాత్రం వదల్లేదు. మా ప్రయాణికులూ నేనూ కలిసి తొమ్మిది మందిని పైకి మోశాం. నా ఖాకీ చొక్కా ఎండాక అట్టకట్టింది.

మాకంటే ముందే ఒక మనిషి అక్కడికి దిగి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా నిండా రంగు మరకలు. ఒక పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చచ్చిపోయిందయ్యా వదులు అంటే వినడు. నేను చెయ్యి పట్టి లాగితే నా మణికట్టు కొరికాడు. ఆ పంటి గాటు నెల రోజులుంది. ఆ పిల్ల ఆయన చెల్లెలు సరళ. ఆయన హాతీరాం. గుట్ట కింద తండాలో ఉండే పెయింటరు.

ఆ గుట్టల చుట్టుపక్కల ఏ గోడ మీద అక్షరం కనబడినా అది హాతీరాం చేతిదే. సిమెంటు ప్రకటన, పురుగుమందు ప్రకటన, ఆశ్రమ పాఠశాల బోర్డు, బొగ్గు టిప్పర్ల వెనక రాతలు, అన్నీ. పెద్ద చదువు లేదు, ఏడో తరగతి. ఆయన బడి వేరే. చిన్నప్పుడు డేరా టాకీసువాడు తెగిన రీలు ముక్కలు బయట పారేస్తే ఏరుకునేవాడట. ఒక ముక్కలో పద్దెనిమిది గళ్ళున్నాయి, అన్నింట్లోనూ సినిమా పేరే. మొదటి గడిలో జొన్నగింజంత, రెండో దాంట్లో కాస్త పెద్ద, చివరి దాంట్లో గడి నిండా. తెర మీదికి పేరు దూసుకొచ్చేది ఇట్లానా అని ఆ పిల్లవాడికి మతిపోయింది. బొమ్మలున్న ముక్కలన్నీ తోటివాళ్ళకు పంచిపెట్టి, అక్షరాలున్న ముక్క ఒక్కటి దాచుకున్నాడు.

ఈ సంగతి నాకు తరువాత ఎప్పుడో చెప్పాడు. "అక్షరం కదలదన్నా. దాని పక్కన ఇంకోటి ఉంటది, జరంత వేరేగ. కదిలేది మన కన్ను," అన్నాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమైందన్నట్టు తల ఊపాను.

జీపు పడిన ఏడాదికి రోడ్డు కాంట్రాక్టరు ఆ రాళ్ళకు రంగు వెయ్యమని ఆయనకే పని ఇచ్చాడు. నలుపు, తెలుపు పట్టీలు వేసి, మొదటి రాయి మీద 'నెమ్మదిగా వెళ్ళుము' అని రాయమన్నాడు. హాతీరాం పట్టీలు వెయ్యలేదు. రాళ్ళన్నింటికీ తెల్ల సున్నం కొట్టి, ఒక్కో రాయి మీద నల్లగా ఒకటే మాట రాశాడు, పైలం, అంటే జాగ్రత్త అని. అన్ని రాళ్ళ మీదా అదే. ఇంజనీరు వచ్చి చూసి అమ్మనా బూతులు తిట్టాడు. "నెమ్మదిగా వెళ్ళుము అని రాస్తే ఎవడు చదువుతడు సార్? మీరు చదువుతరా?" అని అడిగాడట ఈయన. ఆ ఒక్క మాటకు చెంప మీద కొట్టించుకున్నాడు. కానీ మళ్ళీ సున్నం కొట్టించే ఓపిక ఇంజనీరుకూ లేక అట్లాగే వదిలేశారు.

మొదటిసారి బస్సు దించినప్పుడు నాకేమీ కనబడలేదు. మూడో రోజు ముందు ఎడ్లబండి అడ్డం వచ్చి మెల్లగా దిగాను. అప్పుడు చూశాను. రాళ్ళ మీద మాట పరుగెత్తుతోంది. మొదటి రాయి మీద చివరి సున్నా తప్పించుకుని రాయి అంచు దాకా దొర్లిపోయింది. దాని వెనక పై, ల ముందుకు వంగిపోయి ఉన్నాయి. రాయి రాయికీ సున్నా కాస్త వెనక్కి వస్తుంది, అక్షరాలు కాస్త నిటారవుతాయి. పరుగు నడకవుతుంది. చివరి రాయి దగ్గర మూడూ ఒకచోట చేరి నిలబడతాయి. నిలబడ్డ పైలం.  ఏళ్ళ తరబడి అద్దంలోంచి రోడ్డు చూసినవాణ్ణి, రోడ్డు నాకు ఎదురు మాట్లాడడం అదే మొదలు.

అందులో కిటుకు ఏమిటంటే, బండి ఒక లెక్కలో పోతేనే అది నడుస్తుంది. జోరుగా పోతే తెల్ల చారలు తప్ప ఏమీ ఉండదు. మా బస్సుల్లో స్పీడు ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి ఎంతన్నది నేను చెప్పలేను, సుమారు ఇరవై ఉంటుంది. ఆ లెక్క సరిగ్గా కుదిరేదాకా ఆయన ఊరుకోలేదు. నేను చూసిన మర్నాటి నుంచి నా బస్సులోనే బానెట్ మీద కూర్చుని పదిహేనుసార్లు ఆ గుట్ట దిగాడు. "ఇంకింత మెల్లగ అన్నా. ఆఁ, గిప్పుడు. గిప్పుడు సూడు," అంటూ పలక మీద గీతలు గీసుకునేవాడు. సాయంత్రం ఒక రాయి చెరిపి మళ్ళీ రాసేవాడు. ఏ రాయి దగ్గర ఏ అక్షరం ఎంత వంగాలన్నది ఆయనకు ఒక జబ్బు. భార్య బాలి అన్నం మూట పట్టుకుని రోడ్డు మీద నిలబడి తన భాషలో తిట్టేది. తిట్లకు అర్థం అడక్కుండానే తెలిసేది.

తరువాత ఆ మలుపులో ఒక్క బండి పడలేదు. టిప్పర్లవాళ్ళు, జీపులవాళ్ళు, ఎంత మొరటువాడైనా సరే, ఆ మాట నడుస్తుంటే చూడాలని బ్రేకు మీద కాలు పెట్టేవాడు. ప్రయాణికులు ఎడమ పక్క సీట్ల కోసం కొట్టుకునేవాళ్ళు. అక్కడి పోలీస్ స్టేషన్లో గణేష్ అని కానిస్టేబుల్ ఉండేవాడు. ఎక్కడానికి దిగడానికి వేళాపాళా లేని మనిషి. బస్సెక్కితే టికెట్ అడగొద్దు, కానీ మలుపు దగ్గర మాత్రం నా భుజం తట్టి, "డ్రైవర్ సాబ్, నడిపియ్ జర," అనేవాడు. బస్సును కాదు, అక్షరాన్ని. అది నడిచి నిలబడ్డాక చిన్నగా నవ్వి బీడీ ముట్టించేవాడు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి.

జీపు పెళ్ళగించుకుపోయిన రాయి చోటు అట్లాగే ఖాళీగా ఉంది. వరసలో అది పదకొండోది. పదో రాయి నుంచి చూపు ఎగిరి పన్నెండో రాయి మీద పడేది. సున్నా అక్కడ ఒక్క గెంతు వేసేది. నిజం చెప్పాలంటే వేరే ఎవరూ పట్టించుకోలేదు. నాకు కనబడింది. నా నోరు ఊరుకోదు కదా. 2005లో వానలు వెనకబట్టాక ఒక రోజు బానెట్ మీద కూర్చున్న హాతీరాంను ఆట పట్టించాను.

"ఏందయ్యా, నీ పైలం కుంటుతంది."

"యాడ?" అన్నాడు.

"పదకొండో రాయి లేదుగా. అక్కడ కాలు ఇరిగిన మేక లెక్క ఎగిరిపడతంది. అంత కష్టపడి ఆ ఒక్కటీ ఎందుకు వదిలావు? రాయి పాతరాదూ."

ఆయన మొహం మాడిపోయింది. ఆ చోటు ఆయనకు కనబడక కాదు. చెల్లెలు పడిన చోటు అది. అందుకే ముట్టుకోలేదు. నాకు ఆ ముక్క తట్టనే లేదు. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. కాసేపటికి, "అవ్ అన్నా. కుంటుతాంది," అన్నాడు.

మరునాడు గడ్డపార పట్టుకుని వెళ్ళాడు. అక్కడ ఒక సంగతి తెలియాలి. ఆ రోజుల్లో ఆ అడవిలో రోడ్డు పక్కన ఎవరూ గొయ్యి తవ్వేవారు కాదు. తాజా మట్టి కనబడిందంటే కింద నక్సలైట్ల మందుపాతర ఉన్నట్టే లెక్క. పోలీసు జీపు రాకముందు కొందరు పోలీసులు కాలినడకన రోడ్డంతా వెదుక్కుంటూ వస్తారు. వాళ్ళకు కావలసింది కదిలిన మట్టి. తండాలో చచ్చినవాళ్ళకు గొయ్యి తియ్యాలన్నా రోడ్డుకు కనబడకుండా తీసేవాళ్ళు. అలాంటి చోట పట్టపగలు మలుపులో నిలబడి మోకాలు లోతు గొయ్యి తవ్వాడు హాతీరాం. మాట కుంటకూడదు, అంతే ఆయన బాధ.

వాళ్ళు రానే వచ్చారు. ఒకడు అడగను కూడా లేదు, తుపాకీ మడమతో వీపు మీద కొట్టాడు. గొయ్యిలో బోర్లా పడ్డాడు. లేవబోతే బూటు మెడ మీద పెట్టి మట్టిలోకి అదిమారు. నోట్లోకి మట్టి పోయి ఊపిరాడక కొట్టుకుంటుంటే, వెనక వస్తున్న గణేష్ పరుగెత్తుకొచ్చాడు.

"సార్ సార్, వీడు పెయింటర్ సార్. ఈ అక్షరాలు వీనివే. నాకు తెలుసు సార్," అన్నాడు.

గొయ్యి అంతా చేతులతో కెలికి చూశారు. ఏమీ లేదు. గణేష్ తనే ఒక చెయ్యి వేసి రాయి ఎత్తించాడు, చుట్టూ మట్టి బూటుతో తొక్కాడు. "రాసెయ్ ఇగ," అన్నాడు. హాతీరాం నోట్లోంచి రక్తం, మట్టి ఉమ్ముకుంటూ అక్కడే కూర్చుని సున్నం కొట్టాడు. ఆ సాయంత్రం నా బస్సు దిగినప్పుడు మాట కుంటలేదు. పదిహేడు రాళ్ళ మీదా నీళ్ళు జారినట్టు జారి నిలబడింది. నేను హారన్ కొట్టి చెయ్యి ఊపాను. ఆయన పగిలిన పెదవితో నవ్వాడు.

అప్పటి నుంచి ఆ రాయి మొదట్లో కదిలిన మట్టి అందరికీ తెలిసిన మట్టి అయింది. పెయింటర్ తవ్విన మట్టి అని వెదికేవాళ్ళు దాటిపోయేవారు. ఆ సంగతి అడవి లోపలివాళ్ళకు కూడా తెలిసింది. ఎవరు చూసి ఎవరికి చెప్పారో, ఏ పూట వచ్చి ఆ మట్టి మళ్ళీ తీశారో నాకు తెలియదు. పెట్టిందెవరన్నది అందరికీ తెలుసు, పేర్లు ఎవరికీ తెలియవు.

రాయి పాతిన పద్దెనిమిదో రోజు. ఉదయం తొమ్మిదిన్నర. నా బస్సుకు ఫర్లాంగు ముందు పోలీసు జీపు దిగుతోంది. వెనక కూర్చున్న గణేష్ నన్ను గుర్తుపట్టి చెయ్యి ఎత్తాడు. మలుపు దగ్గర జీపు డ్రైవరు కూడా అందరిలాగే బ్రేకు మీద కాలు పెట్టాడు. జీపు ఇరవైకి దిగింది. ఒక రాయి, రెండు రాళ్ళు, ఐదు, పది.

చప్పుడు తరువాత వినబడింది. ముందు రోడ్డు పైకి లేచింది. జీపు తిరగబడుతూ చింతచెట్టు కొమ్మలంత ఎత్తు లేచి రెండు ముక్కలైంది. నా అద్దం పగిలి ఒళ్ళో పడింది. బస్సులో పిల్లలు, ఆడవాళ్ళు ఒకటే ఏడుపు. కండక్టరు యశోద నా వెనక సీటు కింద దూరి నా కాలు పట్టుకుంది. పొగ తగ్గాక నేను దిగి నడిచాను. ఎందుకు నడిచానో తెలియదు. బూటు ఒకటి దొరికింది, బూటులో పాదం ఉంది. జీపు డ్రైవరు స్టీరింగుతో సహా రోడ్డు మీద పడి ఉన్నాడు, నడుము నుంచి కింద లేదు. ఏదో అనాలని నోరు తెరిచి మూస్తున్నాడు. నేను దగ్గర కూర్చుంటే నా చొక్కా గట్టిగా పట్టుకుని, అట్లాగే చచ్చిపోయాడు. గణేష్ పదో రాయికి కొట్టుకుని ఉన్నాడు. తల వెనక భాగం రాయికి అంటుకుంది, అక్షరం మీద. మొహం మాత్రం మామూలుగా ఉంది. మొత్తం ఐదుగురు. ఆ మలుపులో మళ్ళీ నేనే మోశాను.

మధ్యాహ్నానికి హాతీరాంను తీసుకుపోయారు. అన్నం తింటున్నవాణ్ణి కంచం ముందు నుంచి జుట్టు పట్టి లేపారు. బాలి అడ్డం పడితే ఆమె కడుపులో తన్నారు. గుడిసెలో రంగు డబ్బాలన్నీ తలకిందులు చేశారు. రీలు ముక్క దొరికితే దాన్ని కూడా ఏదో గుర్తుల పట్టీ అనుకుని సంచిలో వేసుకుపోయారు.

మూడో రోజు బాలి డిపో గేటు దగ్గరికి వచ్చింది. నడుము వంచుకుని నడుస్తోంది. "అన్నా, రాయి ఎందుకు పాతినవ్ అని అడుగుతాండ్రట. మాట కుంటుతాంది అందుకే పాతిన అంటే ఎవలు నమ్ముతరు? నీకు తెలుసు గద. నువ్వు రోజు సూసేటోడివి. వచ్చి చెప్పు అన్నా," అంది. చేతులు జోడించలేదు, ఏడవలేదు. నా మొహంలోకి చూసి అడిగింది. నాకు ఆ చూపు తట్టుకోవడం కష్టమైంది. కుంటుతోందని చెప్పిందే నేనని ఆమెకు తెలియదని అప్పుడు అర్థమైంది.

నేను వెళ్ళాను. గొప్ప చెప్పుకోవడానికి కాదు, వెళ్ళాను అంతే. స్టేషన్ వరండాలో బెంచీ మీద గంట సేపు కూర్చోబెట్టారు. లోపలి గదిలోంచి దెబ్బల చప్పుడు వస్తోంది. తోలు మీద పడే దెబ్బ చప్పుడు వేరు, ఎముక మీద పడేది వేరు. ఆ తేడా నాకు అక్కడే తెలిసింది. మధ్యలో ఒకడు అడుగుతున్నాడు, "రాయి లేదని ఎవడు చెప్పిండురా? ఎవడు పాతమన్నడు?" ప్రతిసారీ ఒకటే జవాబు. "నేనే సూసిన సార్. ఎవలు చెప్పలే. నేనే సూసిన." తరువాత ఒక అరుపు వచ్చేది. ఆ అరుపులో మాటలు ఉండేవి కావు.

నా పేరు ఆయన నోట్లో ఉంది. మింగుతున్నాడు. బెంచీ మీద కూర్చుని నేను అది విన్నాను, నాకు అంతా అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఎస్సై బయటికి వచ్చాడు. కొత్తవాడు, మనుషులు పోయిన దుఃఖంలో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతణ్ణి పూర్తిగా తప్పుపట్టలేను, పూర్తిగా క్షమించనూ లేను. "ఏంది నీ కథ?" అన్నాడు. రాళ్ళ మీద మాట నడుస్తుందనీ, పదకొండో రాయి లేక కుంటేదనీ, అందుకే రాయి పాతాడనీ చెప్పాను.

"నువ్వు చెప్పినవా వానికి?"

 లోపల ఇంకా మూలుగు వినబడుతోంది. అవును అన్న రెండక్షరాల మాటకు దూరం ఎంత? మూడక్షరాలో ఎన్నో, లెక్క కూడా గుర్తు రాలేదు. "లేదు సార్. ఆయనే అన్నాడు, నాతో," అన్నాను.

"నడిపి చూపెట్టు," అన్నాడు ఎస్సై.

ఖాళీ బస్సు తీసుకుని అతణ్ణి బానెట్ మీద కూర్చోబెట్టుకుని గుట్ట దిగాను. ఇది చూస్తే నమ్ముతాడు అనుకున్నాను. ఆ అక్షరాన్ని ఎవరు చూసినా నమ్ముతారని నాకు పిచ్చి నమ్మకం. పేలుడుకు మూడు రాళ్ళు పోయాయి, రోడ్డు గుంతలో కంకర పోశారు. మొదటి రాయి కనబడగానే నా కాలు అదంతట అదే బ్రేకు మీదికి పోయింది. ఒకటి, రెండు, ఐదు. సున్నా వెనక్కి దొర్లుతోంది, పై నిటారవుతోంది. పదో రాయి దాకా బంగారంలా నడిచింది. తరువాత గుంత. "చూశారా సార్, ఇక్కడ ఎట్లా ఎగిరిందో, అందుకే..." అన్నాను.

ఎస్సై రాళ్ళ వైపు చూడడం లేదు. నా కాలు వైపు చూస్తున్నాడు.

"ఎవరు చెప్పిండ్రు నిన్ను బ్రేక్ కొట్టమని?" అన్నాడు.

"మెల్లగా పోతేనే నడుస్తుంది సార్ అది."

"అందరు గిట్లనే కొడ్తరా? గీడనే?"

"అందరూ కొడతారు సార్. అందుకే రెండేళ్ళుగా ఒక్క యాక్సిడెంటు..." అంటూనే ఆగిపోయాను. ఆలస్యమైంది.

"మా డ్రైవర్ సుత గిట్లనే కొట్టిండు," అన్నాడు ఎస్సై. గొంతు పెంచలేదు. "ఐదుగురిని మెల్లగ చేసి, తెచ్చి, గా రాయి ముందట నిలబెట్టిండు గా పెయింటర్. మంచిగ చూపెట్టినవ్ డ్రైవర్. నాకు గిది తెలువకపోతుండె."

నేను సాయం చెయ్యడానికి పోయి ఆయన మీద లేని నేరం తెచ్చి పెట్టాను. స్టేషన్ ముందు అతణ్ణి దింపాక బస్సు రివర్సు చెయ్యడానికి నాకు గేరు పడలేదు.  అప్పుడైనా లోపలికి పోయి, సార్, కుంటుతోందని చెప్పింది నేను, పాతమన్నది నేను, అనొచ్చు. గేటు పది అడుగుల దూరంలో ఉంది. డిపోకు వెళ్ళిపోయాను.

తండా ఆడవాళ్ళందరూ వచ్చి స్టేషన్ ముందు రోడ్డు మీద కూర్చున్నారు. లాఠీలతో కొడితే లేచేవాళ్ళు, మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు. బాలి తల పగిలింది, గుడ్డ కట్టుకుని అక్కడే ఉంది. పదకొండో రోజు, వీడికి ఎవరితోనూ సంబంధం లేదని పైనుంచి తేల్చి వదిలేశారు. వదిలే ముందు మలుపుకు తీసుకుపోయి, మిగిలిన రాళ్ళన్నింటికీ తారు పూయించారు, ఆయన చేతనే. ఆ పొద్దు నా బస్సును కూడా పైన ఆపేశారు. కుడి చెయ్యి గుడ్డలో చుట్టి ఉంది. కుంచె పట్టలేక, తారు డబ్బాలో చీపురు ముంచి ఎడమ చేత్తో పూస్తున్నాడు. పై మీద, ల మీద, సున్నా మీద. ఒక రాయి దగ్గర కాస్త ఆగితే వెనక నుంచి తన్నారు. బస్సులో నలభై మంది చూస్తున్నారు. నేను తల వంచుకుని స్టీరింగు మీది పగుళ్ళు చూస్తూ కూర్చున్నాను.

తరువాతి ఆదివారం తండాకు వెళ్ళాను. హాతీరాం మంచం మీద పడుకుని ఉన్నాడు. బాలి గిన్నెలో జొన్న గటక కలిపి నోట్లో పెడుతోంది. కుడి చేతికి దవాఖానాలో పిండి కట్టు వేశారు, కట్టు చివర వేళ్ళు నల్లగా ఉబ్బి తలా ఒక దిక్కుకు ఉన్నాయి. డాక్టరు కుంచె సంగతి మరిచిపొమ్మన్నాడట. నన్ను చూసి, "కూసో అన్నా," అన్నాడు ఎప్పటిలాగే.

బాలి చెప్పింది. "ఒక్కసారి ఇరువలే అన్నా. రోజుకు ఒక్క ఏలు. ముందు అడిగేటోళ్ళట, ఎవలు చెప్పిండ్రు అని. ఈన నేనే సూసిన అనేటోడు. అప్పుడు ఇరిసేటోళ్ళు. బొటనేలు ఆఖరికి. ఎవలి పేరు దాస్తాండో నాకు సుత చెప్తలేడు."

హాతీరాం గోడ వైపు తల తిప్పుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పడం చేతకాలేదు.

"నేనే, బాలీ. కుంటుతందని ఎకసెక్కం ఆడింది నేను. రాయి పాతమన్నది నేను. స్టేషన్లో అడిగితే లేదన్నాను," అన్నాను.

ఆమె గిన్నె కింద పెట్టింది.  ముందు హాతీరామే మాట్లాడాడు, గోడ వైపు తిరిగే.

"నువ్వు చెప్పుంటే ఇద్దరి చేతులు పోయేటివి అన్నా. నువ్వు బస్సు నడిపేటోడివి. యాభై మంది ఉంటరు నీ ఎనుక. పోనియ్."

ఆ మాట వినగానే నాకు ఏడుపు వచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఎక్కడో లోపల కాస్త తేలిక కూడా అయింది, అదీ చెప్పాలి. బాలి ఆ తేలికను నా మొహంలో చూసినట్టుంది. లేచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. తల కట్టు మీద రక్తం మరక ఎండి ఉంది.

"ఆయన పోనియ్ అంటడు. ఆయన గట్లనే అంటడు. నేను అనను," అంది. "మూడో రోజు నేను నీ కాడికి వచ్చిన. అప్పటికి రెండే పోయినయ్. నువ్వు అవ్ అంటే మూడు మిగులుండె. నా ఇంటికి మళ్ళ రాకు."

నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. మరుసటి నెలలో రూటు మార్పించుకున్నాను. ఇది జరిగి ఏళ్ళయింది, రిటైరయ్యాను. హాతీరాం మేకలు కాస్తున్నాడని ఒకసారి యశోద చెప్పింది, ఎడమ చేత్తో కర్ర పట్టుకుంటాడట. మళ్ళీ ఆ తండాకు నేను వెళ్ళలేదు. ఆమె రావద్దంది కదా అని చెప్పుకుంటాను. రమ్మని కబురు పెట్టినా వెళ్ళి ఉండేవాణ్ణి కాదు.